అప్‌డేట్: డిప్రెషన్ మాత్రలు, చిగుళ్ల నుంచి రక్తం – కారణం తేలింది

అమ్మకి అమిట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మాత్ర మొదలయ్యాక చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, మాత్ర ఆపేయాలా అని అడిగాను. ఆపొద్దు, పెరియోడాంటిస్టుకి (చిగుళ్ల డాక్టరుకి) చూపించండి అన్నవాళ్లకి కృతజ్ఞతలు. అదే సరైన సలహా.

పంటికీ చిగురుకీ మధ్య సందు 5 మి.మీ. లోతుంది (3 దాటకూడదు). అసలు కారణం గార. దిగులులో బ్రష్ చేయడం తగ్గింది, పైగా మాత్రవల్ల నోరెండిపోయి పాచి ఇంకా పేరుకుంది. స్కేలింగ్, రూట్ ప్లానింగ్ (పళ్ల మీదా, చిగుళ్ల కింద వేర్ల మీదా గార తీసి శుభ్రం చేయడం) చేశాక రక్తం ఆగింది. తర్వాత 0.2% క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 10 మి.లీ., రోజుకి రెండుసార్లు, రెండు వారాలే. ఎక్కువకాలం వాడితే పళ్లకి గోధుమరంగు మరకలు పడతాయి. పేస్టుతో తోమిన వెంటనే పుక్కిలిస్తే ఈ మౌత్‌వాష్ ప్రభావం తగ్గుతుంది, అరగంట ఆగాలి.

రక్తం రావడానికి కారణం విటమిన్ సి లోపం కాదు. సైకియాట్రిస్టు మోతాదు మార్చలేదు. నోరెండకుండా తరచూ గుక్కెడు నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్ చాలన్నారు.