ఊపిరితిత్తుల కంప్లయన్స్‌ను ‘స్థితిస్థాపకత’ అనొచ్చా?

ప్రశ్న: నర్సింగ్ విద్యార్థుల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నానండీ. లంగ్ కంప్లయన్స్ దగ్గర ఆగిపోయాను. స్థితిస్థాపకత అని రాసేయొచ్చా? రెండూ సాగడం గురించే కదా.

జవాబు: దయచేసి అలా రాయకండి, అర్థం తలకిందులైపోతుంది. స్థితిస్థాపకత అంటే సాగినది మళ్లీ పూర్వస్థితికి రావడం. కంప్లయన్స్ సంగతి వేరు. ఒత్తిడి కాస్త పెంచితే ఊపిరితిత్తుల్లోకి అదనంగా ఎంత గాలి పడుతుందన్నదే అది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఒక సెంటీమీటరు నీటి ఒత్తిడికి సుమారు 200 మిల్లీలీటర్లు. ఛాతీ గోడను కూడా కలిపి లెక్కిస్తే అది 100 దగ్గరికి దిగుతుంది, ఎందుకంటే అదే ఒత్తిడి రెండింటినీ సాగదీయాలి.

తేడా బాగా తెలిసేది ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బున్న రోగి దగ్గర. సాగే పోగులు దెబ్బతినడంతో ఆయన ఊపిరితిత్తులు ఇట్టే సాగుతాయి, అంటే కంప్లయన్స్ పెరిగింది. కానీ వదులైపోయిన లంగా ఎలాస్టిక్‌లాగా తిరిగి ముడుచుకోవు, అంటే స్థితిస్థాపకత తగ్గింది. పీల్చిన గాలి లోపలే చిక్కుకుపోతుంది. అందుకే పెదవులు గుండ్రంగా బిగించి, మెల్లగా ఊదుతూ వదులుతుంటాడు. మీరు ఒకే మాట వాడితే ఈయనకు అది పెరిగిందని రాస్తారా, తగ్గిందని రాస్తారా? ఊపిరితిత్తులు మచ్చకట్టే ఫైబ్రోసిస్‌ జబ్బులో ఇదంతా తిరగబడుతుంది. ఊపిరితిత్తులు బిరుసెక్కి సాగవు, రోగి చిన్న చిన్న ఊపిర్లు గబగబా తీస్తాడు.

నా ఓటు ‘సాగుదల’కే. ‘వ్యాకోచశీలత’ తప్పేమీ కాదు గానీ, వ్యాకోచం అనగానే మన పిల్లలకు వేడెక్కిన ఇనుప కడ్డీ గుర్తొస్తుంది. ‘సాగుదల’ వింటే వివరణ అక్కర్లేదు. వార్డులో ఎలాగూ కంప్లయన్స్ అనే అంటారు కాబట్టి ఆ మాటనూ పక్కనే ఉంచండి.

ప్రశ్న: మరి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు? లేత ఊపిరితిత్తులు బిరుసెక్కడమేమిటి?

జవాబు: మంచి ప్రశ్న. అక్కడ చిక్కు కణజాలానిది కాదు, తడిది. వాయుగోణుల, అంటే ఊపిరితిత్తుల్లోని చిట్టి గాలి సంచుల లోపలి పలుచని నీటి పొరకు తలతన్యత (ఉపరితలాన్ని కుదించాలని లాగే గుణం) ఉంటుంది, అది వాటిని మూసెయ్యాలని చూస్తుంది. 1929లో కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ అనే పరిశోధకుడు ఊపిరితిత్తులను గాలికి బదులు ద్రవంతో నింపి చూస్తే చాలా తక్కువ ఒత్తిడి సరిపోయింది. ద్రవం నిండితే ఆ తలతన్యత ఉండదు మరి. మామూలుగా ఆ తలతన్యతను అదుపులో ఉంచేది సర్ఫాక్టెంట్ అని ఊపిరితిత్తులే తయారుచేసుకునే పదార్థం. ఈ పసికందుల్లో అది చాలదని మేరీ ఎలెన్ ఏవరీ, జేర్ మీడ్ అనే పరిశోధకులు 1959లో చూపించారు. అందుకే ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఆ బిడ్డ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంది. ఇక్కడా ‘సాగుదల తగ్గింది’ అనే రాయండి. కాకపోతే కణజాలం బిరుసెక్కి తగ్గడాన్నీ, తలతన్యత వల్ల తగ్గడాన్నీ విడివిడిగా చెప్పండి. సర్ఫాక్టెంట్ మందు ఆ బిడ్డకు ఎందుకు పనిచేస్తుందో విద్యార్థులకు అప్పుడే అర్థమవుతుంది.