పాత పేటలో సొంత ఇల్లు పడగొట్టుకునే హక్కు ఉండాలా?

గచ్చుపని:
నా మటుకు ఉండకూడదనే అంటాను. వరస ఇళ్లలో ఉమ్మడి గోడలుంటాయి. ఒకరు పునాది తవ్వితే పక్కింటికి బీటలు. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ కూడా ప్రైవేటు ఆస్తే. 1963లో కూల్చడం మొదలుపెట్టారు, జనం గగ్గోలు పెట్టారు, 1965లో కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. స్టేషన్ మాత్రం పోయింది.

రెండో అంతస్తు:
చెప్పడం తేలికే. కప్పు కారేది ఇంటివాళ్ల నెత్తిన, ఫొటోలు తీసుకునేది మీరు. అన్నదమ్ముల వాటాలు తేలని ఇంటికి రిపేరు ఎవరు చేయిస్తారు? మన పురాతన కట్టడాల చట్టం 1958 నాటిది. 2010 సవరణతో కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. ఆ 100 మీటర్లలో ఉన్న ఇంటికి మరమ్మతు చేయాలన్నా కాగితం కావాలి. అది చేతికొచ్చేలోపు దూలం పుచ్చుతుంది. అందుకే కొందరు కావాలనే కారనిస్తారు. శిథిలమైందని నోటీసు వస్తే కూల్చడం సులువు కదా.

గచ్చుపని:
అలాంటివాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ మంచికని చేయించిన రిపేరుతో పాడయ్యే ఇళ్లూ తక్కువేం కాదు. పాత ఇటుక గోడకు సున్నం పూత ఉంటుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ ఆ పూతలోంచి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూశారనుకోండి, చెమ్మకు దారి ఉండదు. తడితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే పేరుకుంటుంది. పైకి ప్లాస్టరు నున్నగానే కనిపిస్తుంది, వేలితో తడితే డొల్లగా మోగుతుంది. ఒక పెచ్చు ఊడదీస్తే వెనక ఇటుక ఎర్రటి పొడిగా రాలుతుంది. అప్పుడొచ్చిన ఇంజనీరు గోడలో పస లేదు, కొట్టేయండి అంటాడు.

ఖర్చు మాటకొస్తే, 2017లో యునెస్కో జాబితాకెక్కిన అహ్మదాబాద్ పాత నగరాన్ని చూడండి. అక్కడ వారసత్వ ఇళ్ల యజమానులు తాము పైకి కట్టుకోలేని అంతస్తుల హక్కును టీడీఆర్‌గా, అంటే వేరేచోట కట్టుకునేవాళ్లకు బదిలీ చేసే నిర్మాణ హక్కుగా, అమ్ముకోవచ్చు.

అద్దెకున్నవాడు:
ఇద్దరూ యజమాని బాధే చెబుతున్నారు. మలేసియాలో జార్జ్‌టౌన్ సంగతి వినండి. 1966 నాటి అద్దె నియంత్రణ 2000 జనవరిలో తొలగిపోయింది. అద్దెలు ఎగబాకాయి. కింద కొట్టు, పైన కాపురంగా తరతరాలు బతికినవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. ఖాళీ అయిన కొన్ని ఇళ్లలో తినదగిన గూళ్లు కట్టే పక్షుల్ని పెంచి, సూప్ కోసం ఆ గూళ్లు అమ్ముకున్నారు. మనుషులకు లేని చోటు పిట్టలకు దొరికింది! యునెస్కో గుర్తింపు ఆ తర్వాతే, 2008లో వచ్చింది.

పారిస్‌లో మారే పేట కథా అంతే. పాత పేటల రక్షణకు 1962 చట్టం వచ్చాక, లోగిళ్లలో వెలసిన షెడ్లు, వర్క్‌షాపులు తీసేసి పాత భవంతులకు మెరుగులు దిద్దారు. భవంతులు నిలిచాయి, చేతిపనివాళ్లు వెళ్లిపోయారు. దీన్ని పేటను కాపాడటం అని ఎలా అంటాం?

రెండో అంతస్తు:
అద్దె నియంత్రణ ఉన్నన్నాళ్లూ వచ్చే అద్దె పెంకుల ఖర్చుకైనా సరిపోదు. ఆ ముక్క కూడా చెప్పండి.

అద్దెకున్నవాడు:
అందుకే ఇటలీలో బొలోన్యా దారి నాకు నచ్చుతుంది. 1973లో పాత నగరంలోనే ప్రజా గృహనిర్మాణ పథకం పెట్టారు. మరమ్మతుకు ప్రభుత్వ సాయం అందేది, బదులుగా యజమాని అద్దె హద్దులో ఉంచాలని, ఉన్నవాళ్లను పంపకూడదని షరతు. అనుకున్నన్ని ఇళ్లు చేయలేకపోయారు, అది వేరే సంగతి.

కొత్తగా చేరా:
చిన్న డౌట్. 1944లో నేలమట్టమైన వార్సా పాత పట్నాన్ని తిరిగి కట్టారు, 1980లో యునెస్కో దానికీ పీట వేసింది. మనమూ కూల్చి అచ్చం అలాగే కట్టుకుంటే తప్పేంటి?

గచ్చుపని:
వార్సాను కూల్చింది బిల్డర్ కాదండీ. పైగా వాళ్ల దగ్గర యుద్ధానికి ముందు తీసిన కొలతల డ్రాయింగులున్నాయి, బెల్లోట్టో అనే చిత్రకారుడు 18వ శతాబ్దంలో గీసిన వీధుల చిత్రాలున్నాయి. మన పాత ఇళ్లలో ఎన్నింటికి కొలతల కాగితం ఉంది? ఆ ఉదాహరణ బిల్డర్ చేతికిస్తే ముందు గోడ ఒక్కటి ఉంచి వెనక అపార్ట్‌మెంట్ లేపుతాడు.

రెండో అంతస్తు:
సరే, నా లెక్క ఇది. టీడీఆర్ కొనేవాడు దొరికి డబ్బు ముందే చేతికొస్తే, సున్నం పని తెలిసిన మేస్త్రీని నేనే వెతుక్కుంటా. ఆంక్షలు ఇవాళ, సాయం ఎప్పుడో అంటే మాత్రం నా ఓటు కూల్చడానికే.