పావురాల దాణాలో మట్టిగడ్డలు, దుమ్ము: కడగకుండా తీసేదెలా?

మాది మిర్యాలగూడ. మేడ మీద 22 పావురాలున్నాయి. జొన్నలు, సజ్జలు, గోధుమలు, పెసలు కలిపిన దాణా 25 కిలోల బస్తా తెస్తున్నాను. ఈసారి బస్తాలో దుమ్ము మరీ ఎక్కువ. గుప్పెడు తీసి వదిలితే అరచేయంతా బూడిద పూసినట్టు తెల్లగా అవుతోంది. దాణా పోసిన పది నిమిషాలకే నాలుగు పావురాలు తుమ్ముతున్నాయి. ముక్కు కారడం లేదు, మేత బాగానే తింటున్నాయి. అయినా నాకు టెన్షన్‌గానే ఉంది.

పిండి జల్లెడతో జల్లిస్తే సన్నటి దుమ్ము కొంత పోయింది. పెద్ద కన్నాల జల్లెడ వాడితే సజ్జలు కూడా కిందికి రాలిపోయాయి. టేబుల్ ఫ్యాన్ ముందు చాటతో తూర్పారబడితే పొట్టు, ఈకల్లాంటి చెత్త ఎగిరిపోయాయి. కానీ జొన్నగింజంత మట్టిగడ్డలు గింజలతోపాటే చాటలో పడుతున్నాయి. అవి పగిలినప్పుడల్లా మళ్లీ దుమ్మే. చేత్తో ఏరితే కిలోకే అరగంట పట్టింది. పోయిన వారం 5 కిలోలు కడిగి ఆరబెట్టాను. ముసురుకు రెండు రోజులైనా ఆరలేదు, ముక్క వాసన వచ్చింది. బూజు పట్టిన గింజ పావురాలకు ప్రమాదమని మొత్తం పారబోశాను.

దాణాను తడపకుండా, జొన్నగింజంత మట్టిగడ్డలను ఇంట్లోనే వేరు చేసే పద్ధతి ఏదైనా ఉందా?