బ్లాక్, థ్రాష్ కలిపిన మా తొలి ఆల్బమ్: ట్రెమొలో రిఫ్‌లు రొదగా మారుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం మా మొదటి ఆల్బమ్‌ను ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం. బ్లాక్ మెటల్, థ్రాష్ మెటల్ (రెండూ హెవీ మెటల్ సంగీతంలో శాఖలు) కలిసిన పాటలు. అరచేతి అంచును తీగలకు ఆనించి వాయించే థ్రాష్ రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరసలు) చక్కగా పలుకుతున్నాయి. ట్రెమొలో రిఫ్ (ఒక్కో స్వరాన్ని గబగబా పదేపదే మీటేది) మొదలవగానే మాత్రం అంతా ఒకటే రొద. స్వరం ఎక్కడ మారుతోందో తెలియడం లేదు. వేగం నిమిషానికి 200 బీట్లు. యాంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్‌ను పెంచే మీట) దాదాపు చివరిదాకా పెట్టాం, గిటారు మీద రివర్బ్ (పెద్ద గదిలోలా మోగే ప్రతిధ్వని) కూడా ఉంది. కొత్త యాంప్ కొనాలా?

జవాబు

కొనకండి తమ్ముడూ. బ్లాక్ మెటల్‌కు బాట వేసిన స్వీడన్ బృందం బాథొరీ తొలి ఆల్బమ్ 1984లో స్టాక్‌హోమ్‌లో, గ్యారేజీని మార్చి పెట్టుకున్న చిన్న స్టూడియోలో తయారైంది. ఎంత గరుకుగా ఉన్నా అందులో ప్రతి రిఫ్ వెంట మనం కూనిరాగం తీయగలం.

మీ రొదకు కారణం లెక్కలోనే ఉంది. 200 బీట్ల వేగంలో బీటుకు నాలుగు మీటులంటే సెకనుకు 13 దాటుతాయి. రివర్బ్ తోక రెండు సెకన్లు ఉంటే పాతిక స్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ముందు గిటారు మీద రివర్బ్ పూర్తిగా తీసేయండి.

తరువాత గెయిన్. థ్రాష్ రిఫ్‌లో ఎక్కువగా మూలస్వరం, పంచమం మాత్రమే ఉంటాయి కాబట్టి ఎంత డిస్టార్షన్ ఇచ్చినా తట్టుకుంటాయి. బ్లాక్ మెటల్ రిఫ్‌లో మైనర్ కార్డ్ (మూడు స్వరాలు కలిపి మోగించేది) వస్తుంది. అందులోని మూడో స్వరం, గాంధారం, చేరగానే డిస్టార్షన్‌లో స్వరాలు ఒకదానితో ఒకటి రాచుకుని బురదవుతాయి. అందుకని ఒక మైనర్ కార్డ్ పట్టి మోగనివ్వండి. మూడు స్వరాలూ విడివిడిగా వినిపించేదాకా గెయిన్ తగ్గించి, థ్రాష్ భాగాలకూ అదే ఉంచండి. పోయిందనిపించే బరువు రెండో గిటారు ఇస్తుంది: అదే రిఫ్‌ను మళ్లీ వాయించి ఒకటి పూర్తిగా ఎడమకు, ఇంకొకటి కుడికి పెట్టండి. కాపీ చేసి అతికిస్తే లాభం లేదు, రెండూ కలిసి మధ్యలో ఒకే గిటారులా వినిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు అన్నా. కానీ రివర్బ్ తీసేస్తే ఆ చలి, ఆ దూరం పోవా? మాకు బ్లాక్ మెటల్‌లో నచ్చేదే అది.

జవాబు

పోవు. ఆ చలి చాలావరకు స్వరాల ఎంపికలో ఉంది. ఒక మైనర్ కార్డ్ నుంచి అర్ధస్వరం దూరంలోని ఇంకో మైనర్ కార్డ్‌కు జరిగి చూడండి, గది వాతావరణమే మారిపోతుంది. రివర్బ్‌ను గొంతుకు ఇవ్వండి. అరుపు సాగదీసి ఉంటుంది కాబట్టి దానికి నప్పుతుంది.

మరో సభ్యుడు (డ్రమ్మర్)

గిటారు ఒక్కదాన్నే నిందించకండి. ట్రెమొలో వచ్చిన ప్రతిచోటా మీ డ్రమ్మర్ బ్లాస్ట్ బీట్ (డ్రమ్ములను ఆపకుండా అతివేగంగా బాదే తీరు) వేస్తున్నారా? స్నేర్ డ్రమ్ము దెబ్బ అంత దట్టంగా పడితే మీటు చప్పుడు దాని కింద పూడిపోతుంది. నార్వే బృందం ఆరా నోయిర్ 1996లో తెచ్చిన తొలి ఆల్బమ్ 'బ్లాక్ థ్రాష్ అటాక్' వినండి. అగ్రెసర్, అపోలియన్ ఇద్దరూ డ్రమ్ములు, తీగవాద్యాలు, గొంతు పంచుకున్నారు. బ్లాక్ మెటల్ వాసన గిటారులో ఉన్నా, కింద ఎక్కువచోట్ల థ్రాష్ నడకే పరుగెడుతుంది. ఈ సంకర బాణికి ప్రాణం ఆ నడకలోనే ఉందని నా నమ్మకం. బ్లాస్ట్‌ను పాటకు ఒకటి రెండు చోట్లకే దాచుకుంటే, వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకొకటి, కంప్యూటర్‌లో ప్రతి డ్రమ్ము దెబ్బనూ బీటు గీత మీదికి లాగి సరిచేయకండి. రిఫ్ మారే చోట కాస్త ముందుకు తోసినట్టుండటం థ్రాష్‌కు అందం.

ప్రశ్న అడిగినవారు

అవును, ట్రెమొలో ఉన్న ప్రతిచోటా బ్లాస్టే వేస్తున్నాం. ఈ రాత్రే ఒక పాటను థ్రాష్ బీటుతో మళ్లీ కొట్టి, గెయిన్ తగ్గించిన రెండు గిటార్లతో కలిపి ఇక్కడ పెడతాను. బేస్ గిటారు సంగతి?

జవాబు

గిటార్లలో 80 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేసి ఆ చోటు బేస్‌కు వదిలేయండి. బేస్‌ను వేలితో కాకుండా పిక్‌తో, కొంచెం డిస్టార్షన్‌తో వాయించండి. పాట పెట్టేటప్పుడు బేస్ లేని కాపీ కూడా ఒకటి పెట్టండి, గిటార్లు విడిగా విని చెబుతాను.