అమెరికా నుంచి వచ్చేస్తున్న మా డాక్టర్ పెదనాన్న ఇక్కడ పేషెంట్లని చూడాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్తే, తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్. మా పెదనాన్న గాంధీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, కాలేజీ ఇంకా బషీర్‌బాగ్‌లో ఉన్న రోజుల్లో. 70ల్లో ఈసీఎఫ్ఎంజీ పరీక్ష (బయటి దేశాల్లో చదివిన డాక్టర్లకి అమెరికా పెట్టేది) రాసి అక్కడికి వెళ్లి మళ్లీ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో ట్రైనింగ్, చేసి ఒక చిన్న ఊళ్లో ఫిజీషియన్‌గా ఉండిపోయారు. ఇక్కడ తమ్ముళ్ల చదువులు, మేనత్తల పెళ్లిళ్లు అన్నీ ఆయన డబ్బుతోనే. నానమ్మ ఉన్నప్పుడు నైట్ డ్యూటీ మధ్యలో ఫోన్ చేసేవారు, తిన్నారా అని కూడా అడక్కుండా ముందు అమ్మ షుగర్ ఎంతుంది, పరగడుపునా తిన్నాకా అనేవారు, అంత పిచ్చి మనిషి.

ఇప్పుడు రిటైరై పెద్దమ్మతో తార్నాక ఇంటికి వచ్చేస్తున్నారు. రెస్ట్ తీసుకోండి అంటే వింటేగా, బస్తీలో రోజూ పొద్దున కాసేపు ఫ్రీగా చూస్తారంట!

ఆయన అమెరికా సిటిజన్, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. 2021 కేంద్రం నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ డాక్టర్లు ఎన్నారైల్లాగే ప్రాక్టీస్ చేయొచ్చు, కానీ ఇక్కడి రూల్స్ ప్రకారం మెడికల్ కౌన్సిల్‌లో డాక్టర్‌గా రిజిస్ట్రేషన్ ఉండాలి కదా. ఆయనది ఉమ్మడి ఏపీ కౌన్సిల్‌ది, కాగితం మడత దగ్గర చిరిగి నంబర్లో చివరి అంకె కనపడట్లేదు. దీన్ని తెలంగాణ కౌన్సిల్ రెన్యూ చేస్తుందా లేక కొత్తగా అప్లై చేయాలా? డబ్బు తీసుకోకపోయినా క్లినిక్‌కి పర్మిషన్ కావాలా? ఈమధ్య ఇలా తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఆయనే స్వయంగా కౌన్సిల్‌కి వెళ్లాలా, మేం ముందే ఏమైనా చేసిపెట్టొచ్చా, అదీ చెప్పండి.