కింగ్ ప్రసంగంలో “నీళ్లు పారినట్లు”: న్యాయమా, నీతా, ధర్మమా?

పలకాబలపం:
అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయం వేస్తున్న చిన్న పుస్తకం కోసం, అమెరికా నల్లవారి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగాన్ని తెలుగు చేస్తున్నాను. అంతా సాఫీగానే నడిచింది గానీ ఒక్క వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను. “మీకు ఇంకెప్పుడయ్యా తృప్తి?” అని అడిగేవాళ్లకి ఆయన జవాబు చెప్పే చోటు అది. న్యాయం నీళ్లలా, రైటియస్‌నెస్ పెద్ద ప్రవాహంలా వచ్చేవరకు మాకు తృప్తి ఉండదు అంటాడు. నేను “న్యాయం జలపాతమై దూకేవరకు, ధర్మం మహానదియై ఉప్పొంగేవరకు” అని రాశాను. రైటియస్‌నెస్‌కి ధర్మం సరిపోతుందా, నీతి అనాలా?

కృష్ణాతీరం:
ధర్మమే. నీతి అంటే బళ్లో చెప్పించిన నీతికథలు గుర్తొస్తాయి. మీ వాక్యం గంభీరంగా ఉంది, మార్చకండి.

ఒంగోలు గిత్త:
గంభీరంగానే ఉందండీ, కానీ ఆ మాట కింగ్ గారి సొంతం కాదు. బైబిల్లో ఆమోసు అనే ప్రవక్త పుస్తకం, 5:24. తెలుగులో ఇలా ఉంటుంది: “నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి, గొప్ప ప్రవాహమువలె నీతిని ప్రవహింపనియ్యుడి.” మా వైపు బాప్టిస్టు ఇళ్లలో మొదటి రెండు మాటలు అంటే చాలు, మిగతాది పెద్దవాళ్లు అందుకుంటారు. ఇక్కడి సంఘాలు పెట్టింది కూడా అమెరికా బాప్టిస్టు మిషనరీలేగా. 1878లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన క్లౌ దొర కాలం సంగతి మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. జలపాతమై దూకడం మాత్రం ఆమోసులో లేదు.

పలకాబలపం:
మంచి సంగతి చెప్పారు. కానీ ప్రసంగంలో “బైబిల్లో ఇలా ఉంది” అని ఆయన ఒక్కచోట కూడా అనలేదే? విన్నవాళ్లకి ఎలా తెలిసింది? ఆయన చెప్పకుండా వదిలేసినదాన్ని నేనెందుకు బయటపెట్టాలి?

పాతపుస్తకం:
చెప్పక్కర్లేదు కాబట్టి చెప్పలేదు. పెళ్లిలో “మాంగల్యం తంతునానేన” వినపడగానే ఇది ఫలానా శ్లోకం అని మనకి ఎవరైనా చెబుతున్నారా? అంతే. ఆ రోజు ఎదురుగా ఉన్నవాళ్లలో లెక్కలేనంతమంది చర్చిలోనే పెరిగినవాళ్లు.

ఈ వచనం ఆయనకి కొత్తా కాదు. 1955 డిసెంబర్ 5న, అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో, నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే బస్సుల బహిష్కరణ మొదలైన రోజు సాయంత్రం, హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చిలో మాట్లాడుతూ ఇదే వాడాడు. అప్పటికి ఆయన వయసు 26. తర్వాత 1963 ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో, నన్ను తీవ్రవాది అంటున్నారు, మరి ఆమోసు న్యాయం విషయంలో తీవ్రవాది కాడా అని అడుగుతూ మళ్లీ ఇదే ఎత్తాడు. 1968 ఏప్రిల్ 3న మెంఫిస్‌లో, చనిపోవడానికి ముందురోజు రాత్రి, బోధకుడన్నవాడు ఆమోసులా ఉండాలి అని చెప్పి మళ్లీ ఇదే. ఒక మనిషి పన్నెండేళ్లకు పైగా వెంట తిప్పుకున్న వాక్యం ఇది. అలంకారం కోసం అయితే అన్నేళ్లు మోయడు.

ఆమోసులో ఆ వాక్యానికి పైన ఏముందో చూడండి, ఎందుకు మోశాడో అర్థమవుతుంది. “మీ పండగలంటే నాకు అసహ్యం, మీ బలులు నాకు వద్దు, మీ పాటలు ఆపండి” అని దేవుడే విసుక్కుంటాడు. తిడుతున్నది దేవుణ్ణి నమ్మనివాళ్లని కాదు, క్రమం తప్పకుండా గుడికి వచ్చేవాళ్లని. బర్మింగ్‌హామ్‌లో జరిగింది ఇదే. 1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే నాడు కింగ్ అరెస్టయ్యాడు. అదే సమయానికి ఆ రాష్ట్రంలోని ఎనిమిది మంది తెల్ల మతపెద్దలు (ఏడుగురు క్రైస్తవులు, ఒక యూదు రబ్బీ) ఈ ప్రదర్శనలు తెలివైనవి కావు, సమయం కాదు అని ఒక ప్రకటన ఇచ్చారు. జైలు లేఖ వాళ్లకి జవాబు. అటూ ఇటూ ఒకే పుస్తకం చదివినవాళ్లే. మీరు మంచి క్రైస్తవులైతే వీధిలోకి రావాలి అని చెప్పడానికి ఆయనకి బయటి సిద్ధాంతం అక్కర్లేకపోయింది, వాళ్ల బల్ల మీద ఉన్న పుస్తకమే తెరిచి చూపించాడు. “జలపాతమై దూకేవరకు” అనగానే ఆ దెబ్బ పోతుంది. కవిసమ్మేళనంలో చప్పట్లు పడతాయి, అంతవరకే.

కృష్ణాతీరం:
ఒక్క వచనం పట్టుకుని ఉద్యమాన్నంతా చర్చికి రాసిచ్చేస్తున్నారేమో మాస్టారూ. కింగ్ ప్రసంగించిన ఆ వాషింగ్టన్ ఊరేగింపుకి పెద్ద ఏ. ఫిలిప్ రాండాల్ఫ్, కార్మిక నాయకుడు, సోషలిస్టు. ఏర్పాట్లన్నీ తలకెత్తుకున్నది బయార్డ్ రస్టిన్, క్వేకర్ (హింసకు దూరంగా ఉండే ఒక క్రైస్తవ శాఖ) పద్ధతిలో పెరిగినవాడు. ఆ ఊరేగింపునే ఎగతాళి చేసిన మాల్కమ్ ఎక్స్ అప్పటికి నేషన్ ఆఫ్ ఇస్లాం అనే నల్లవారి ముస్లిం సంస్థలో ఉన్నాడు. వీళ్లెవరికీ ఆమోసు పట్టదు.

పాతపుస్తకం:
చర్చికి రాసివ్వడం లేదు. కానీ వచనం కంటే చర్చి పద్ధతులే ఉద్యమంలోకి ఎక్కువ దిగాయి. ఒకటి చెబుతాను. 1956లో అలబామా రాష్ట్రం నల్లవారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ పని చేయకుండా కోర్టు ద్వారా ఆపించింది. వెంటనే ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనే పాస్టరు బర్మింగ్‌హామ్‌లో కొత్త సంస్థ పెట్టాడు. పేరు అలబామా క్రిస్టియన్ మూవ్‌మెంట్ ఫర్ హ్యూమన్ రైట్స్. మానవ హక్కుల సంఘం పేరులో క్రిస్టియన్ ఎందుకు అని మనకి అనిపిస్తుంది, వాళ్లకి అనిపించలేదు. ప్రతి సోమవారం రాత్రి సభ. అది చర్చిలోనే, పాటలు, ప్రార్థన, ప్రసంగం, చందా పళ్లెం అన్నీ ఆరాధనలో ఉన్నట్టే.

1963లో ఆ సభల చివర, జైలుకి వెళ్లడానికి సిద్ధమైనవాళ్లు ముందుకు రండి అని పిలిచేవారు. మన ఉజ్జీవ కూటాలకి వెళ్లినవాళ్లకి ఈ పిలుపు బాగా తెలుసు. అక్కడ రక్షణ కోసం లేచి ముందుకు నడుస్తారు, బర్మింగ్‌హామ్‌లో అరెస్టు కోసం లేచి నడిచారు. వచ్చినవాళ్ల చేతికి ఒక కార్డు ఇచ్చేవారు. దాని మీద పది ఆజ్ఞలు, కింద సంతకం, చిరునామా. మొదటి ఆజ్ఞ: రోజూ యేసు బోధలను, జీవితాన్ని ధ్యానించాలి. రెండోది: ఈ ఉద్యమం కోరేది న్యాయం, సయోధ్య; గెలుపు కాదు అని గుర్తుంచుకోవాలి. ఆరోది: మిత్రుడితోనైనా శత్రువుతోనైనా మామూలు మర్యాద తప్పకూడదు. ఎనిమిదోది నాకు బాగా ఇష్టం: పిడికిలితోనే కాదు, నాలుకతోనూ, మనసుతోనూ హింస చేయకూడదు. పదోదానికి వచ్చేసరికి ప్రదర్శనలో కెప్టెన్ చెప్పినట్టు నడుచుకోవాలి అని ఉంటుంది. ధ్యానంతో మొదలై కెప్టెన్ మాట దగ్గర ఆగే జాబితా! ఇందులో మతం ఎక్కడ ఆగింది, రాజకీయం ఎక్కడ మొదలైంది అని గీత గీయమంటే నా వల్ల కాదు.

రాండాల్ఫ్, రస్టిన్ గురించి మీరన్నది నిజమే. విద్యార్థుల సంస్థ ఎస్‌ఎన్‌సీసీ కూడా 1960లో పెట్టినప్పుడు దాని ప్రకటన యూదు క్రైస్తవ సంప్రదాయాల పేరు చెప్పుకుంది, కొన్నేళ్లకే ఆ భాష పలచబడిపోయింది. ఆ ప్రకటన రాసిన జేమ్స్ లాసన్ అంతకు కొన్నేళ్ల ముందు మన నాగ్‌పూర్‌లో, హిస్లాప్ కాలేజీలో మెథడిస్టు మిషనరీగా పనిచేసి వెళ్లినవాడు. గాంధీ మార్గం దగ్గరగా చూడ్డానికే వచ్చాడు.

వంకగట్టు:
నాకు ప్రవాహం దగ్గరే అభ్యంతరం. హీబ్రూలో అక్కడున్న మాట “నహల్ ఏతాన్”. నహల్ అంటే పెద్ద నది కాదు. వానొస్తే పారి, ఎండాకాలం ఇసుక మిగిలే వాగు. మా అనంతపురం వైపు వంక అంటాం. ఏతాన్ అంటే ఎప్పుడూ ఆగనిది. ఆమోసు ఊరు తెకోవ, బేత్లెహేముకి దక్షిణాన నీళ్లు తక్కువ కొండప్రాంతం. అలాంటి ఊరివాడు ఎండని వాగు కావాలి అన్నాడంటే, వాన పడ్డప్పుడు మాత్రం వచ్చిపోయే న్యాయం వద్దు అని. మహానది ఉప్పొంగితే వరదొస్తుంది, పొలాలు పోతాయి. ఆయన అడిగింది వరద కాదు!

ఒంగోలు గిత్త:
భలే చెప్పారు అక్కా. ఆమోసు రైతు మనిషేనని మన తెలుగు బైబిల్లో స్పష్టంగా ఉంటుంది. నేను ప్రవక్తను కాను, పసుల కాపరిని, “మేడిపండ్లు ఏరుకొనువాడను” అంటాడు 7వ అధ్యాయంలో. మేడిపండు అనగానే మనకి పొట్ట విప్పి చూడడమే గుర్తొస్తుంది గానీ, అక్కడ అది బీదల తిండి. కాయకి గాటు పెడితేనే పండేది.

పాతపుస్తకం:
వంకగట్టు గారి మాటకి ఒక ఆధారం ఇస్తాను. జైలు లేఖలో కింగ్ వాడిన అనువాదం “ఎవర్ ఫ్లోయింగ్ స్ట్రీమ్”, అంటే ఎప్పుడూ పారే ఏరు, మీ ఎండని వాగే. నాలుగు నెలల తర్వాత వాషింగ్టన్‌లో పాత అనువాదంలోని “మైటీ స్ట్రీమ్” పట్టుకున్నాడు. కాగితం మీద ఒకటి, మైకు ముందు ఒకటి. చెవికి రెండోదే బలంగా తగులుతుంది. మన “గొప్ప ప్రవాహము” ఆ రెండోదానికి సరిగ్గా సరిపోతుంది. కాబట్టి ఈ ప్రసంగం వరకు దాన్ని కదపొద్దు. జైలు లేఖ అనువదించే రోజు వస్తే ఎండని వాగు పెట్టుకోండి.

డల్లాస్ బాబాయ్:
ఆలస్యంగా వచ్చాను. నేనుండే చోట ఆమోసు కన్నా బైబిల్లోనే ఇంకో పుస్తకం, 2 దినవృత్తాంతములు 7:14 ఎక్కువ వినపడుతుంది. “నా పేరు పెట్టబడిన నా జనులు తమ్మును తాము తగ్గించుకొని ప్రార్థనచేసి” అని మొదలై “వారి దేశమును స్వస్థపరచుదును” అని ముగుస్తుంది. 1980 ఏప్రిల్‌లో వాషింగ్టన్ ఫర్ జీసస్ అని వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో పెద్ద సభ పెట్టినప్పుడు వాళ్ల వచనం ఇదే. మరుసటి ఏడాది రీగన్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు వాళ్లమ్మగారి బైబిల్‌ను ఈ పేజీ దగ్గరే తెరిచి చేయి పెట్టాడు. ఇక్కడ చర్చ మొత్తం ఒక పక్కకే ఒరిగినట్టుంటే చెబుతున్నాను.

పాతపుస్తకం:
చెప్పడం మంచిదైంది బాబాయ్ గారూ. సొలొమోను గుడి కట్టాక, ఇశ్రాయేలు గురించి దేవుడు అతనితో అన్న మాట అది. “నా జనులు” అన్న చోట అమెరికాలోని విశ్వాసుల్ని, “దేశము” అన్న చోట అమెరికాని కూర్చోబెట్టడం వాళ్లు చేసిన పని. కింగ్ కూడా ఇశ్రాయేలు స్థానంలో అమెరికానే కూర్చోబెట్టాడు, ఆ లెక్కన ఇద్దరూ ఇద్దరే. తేడా ఆచరణలో వస్తుంది. దినవృత్తాంతములు పట్టుకున్నవాళ్లు మైదానంలో ఉపవాసానికి, ప్రార్థనకి కూడతారు. దేశం పాడైంది, పశ్చాత్తాపపడితే బాగవుతుంది అనేది వాళ్ల లెక్క. ఆమోసు పట్టుకున్నవాళ్లకి ప్రార్థన ఒక్కటే చాలదు, ఎందుకంటే పండగలు, బలులు, పాటలు వద్దు పొమ్మని దేవుడన్నది ఆ అధ్యాయంలోనే.

అలాగని కుడిపక్కవాళ్లు, అంటే సంప్రదాయవాదులు, వీధిలోకి రాలేదా అంటే వచ్చారు. 1980ల చివర్లో గర్భస్రావ కేంద్రాల గుమ్మాల ముందు బైఠాయించిన ఆపరేషన్ రెస్క్యూ, బైబిల్లోని సామెతల గ్రంథం 24:11లో ఉన్న “తప్పించుము” అన్న ఆజ్ఞనే తన పేరుగా పెట్టుకుంది. అట్లాంటాలో అరెస్టయినప్పుడు చాలామంది సొంతపేర్లు చెప్పకుండా బేబీ డో (పేరు తెలియని శిశువు) అని రాయించుకున్నారు. బైఠాయింపు పౌరహక్కులవాళ్ల దగ్గర నేర్చుకున్నదే. ఆ పోలిక ఎత్తితే పాత ఉద్యమకారుల్లో చాలామందికి మండిపోయేది, నాకూ అది అతికినట్టు అనిపించదు. కానీ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో కనపడుతూనే ఉంది.

పలకాబలపం:
చాలా దూరం వెళ్లాం. అడుగున ఒక గమనిక పెట్టి “ఆమోసు 5:24” అని రాసేయనా?

పాతపుస్తకం:
పేజీ అడుగున వద్దు, వెనక పేజీల్లో పెట్టండి. మాంట్‌గోమరీలో 1989లో మాయా లిన్ రూపకల్పనలో కట్టిన పౌరహక్కుల స్మారకం ఉంది. నల్లరాతి గోడ మీద ఈ మాటలే చెక్కారు, వాటి మీదుగా నీళ్లు జారుతుంటాయి. కింద పేరు మార్టిన్ లూథర్ కింగ్ అని ఉంటుంది, ఆమోసు పేరు లేదు. ముందున్న గుండ్రటి బల్ల మీద ఉద్యమంలో చనిపోయినవాళ్ల పేర్లు, దాని మీద కూడా నీళ్లే. గోడ మీద ప్రవక్త పేరు లేకపోతే ఎవరూ నొచ్చుకోలేదు, మీ పేజీలో లేకపోయినా పరవాలేదు. భాష చూసే పోల్చుకోవాలి. అందుకే “నీళ్లు పారినట్లు”, “గొప్ప ప్రవాహం”, “నీతి” ఈ మూడూ తెలుగు బైబిల్లో ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. “ఇయ్యుడి” వదిలేయండి, వాక్యం కుదరదు. “జరుగు” కూడా వద్దు, నీళ్లు జరగవు.

కృష్ణాతీరం:
నీతి మీద నా మాట నాదే. సరే, ధర్మం అంటే గీత వినపడుతుంది, ఆమోసు వినపడడు అంటారు మీరు. అది ఒప్పుకుంటాను.

పలకాబలపం:
ఇదిగో చూడండి: “లేదు, మాకు తృప్తి లేదు. నీళ్లు పారినట్లు న్యాయం పారేవరకు, గొప్ప ప్రవాహంలా నీతి ప్రవహించేవరకు మాకు తృప్తి ఉండదు.”

వంకగట్టు:
“పారేవరకు” తీసి “పారేదాకా” పెట్టండి. ఎండలో నిలబడి మైకులో అన్న మాట అది.

ఒంగోలు గిత్త:
దాకాకే నా ఓటు. రెండో చోట కూడా మార్చండి, లేకపోతే కుంటుతుంది.

పలకాబలపం:
రెండు చోట్లా మార్చాను. ప్రూఫు రాగానే ఆ పేజీ ఫొటో ఇక్కడ పెడతాను.