ఉద్యోగం, సంగీత కళాశాల, జిమ్: పొద్దుటి గంట దేనికివ్వాలి?

చిక్కడపల్లి సరళి:
నాకు 41 ఏళ్లు. సికింద్రాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం. ఈ ఏడాది రాంకోఠి శ్రీ త్యాగరాయ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గాత్రం సర్టిఫికెట్ కోర్సులో చేరాను. ఆఫీసు అవగానే సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కి, సుల్తాన్ బజార్‌లో దిగి, సాయంత్రం క్లాసుకి పరుగు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ అనడంతో అంతకుముందే ఇంటి దగ్గర జిమ్‌లో వారానికి ఆరు రోజులు పొద్దున ఆరింటి బ్యాచ్‌కి వెళ్తున్నాను. సాధన పొద్దున్నే చెయ్యాలని మా మేడం పట్టు. జిమ్ నుంచి వచ్చి తంబురా యాప్ పెట్టుకుని కూర్చుంటే మంద్రంలో, అంటే కింది స్థాయిలో, స్వరం పలకదు, ఒట్టి గాలి వస్తోంది. ఈ టర్మ్‌కి ఏదో ఒకటి మానెయ్యమంటున్నారు ఇంట్లో. ఏది మానమంటారు?

బార్‌బెల్ బావ:
ఇందులో ఆలోచించడానికేముంది? షుగర్ బోర్డర్‌లో ఉన్న మనిషి జిమ్ మానకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు రెండు రోజులైనా కండరాలకి పని. నలభై దాటాక కండ దానంతటదే తగ్గుతూ పోతుంది. సరళీ వరుసలనే ఆ మొదటి పాఠాలు వచ్చే ఏడు కూడా అవే ఉంటాయి, అవి పాడే మాయామాళవగౌళ రాగం ఎక్కడికీ పారిపోదు.

గాత్రం పిన్ని:
బావగారూ, రాగం పారిపోదు, గొంతు పారిపోతుంది. కండలాగే గొంతుకీ వయసొస్తుంది. పైగా ఈవిడ చేరింది కాలేజీలో. హాజరుంటుంది, పరీక్ష ఉంటుంది. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడే సరళీ వరుసలు ఒక్క వారం వదిలేసి కూర్చోండి, మూడో కాలం ఎలా తడబడుతుందో తెలుస్తుంది. పొద్దుటి గంట సాధనదే. వ్యాయామం సాయంత్రమూ చేసుకోవచ్చు.

బార్‌బెల్ బావ:
సాయంత్రం ఆవిడకి క్లాసుందని పైనే రాశారు కదా పిన్నిగారూ!

ఇందిరా పార్క్ నడక:
గొడవెందుకండీ, రెండూ కలిపేస్తే సరి. నేను పార్కులో చెవిలో శ్రుతి పెట్టుకుని పాడుకుంటూ నడుస్తాను. ఎనిమిది అడుగులకి ఒక ఆది తాళం ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. నడకా అయిపోతుంది, సాధనా అయిపోతుంది.

బార్‌బెల్ బావ:
అన్నా, అక్కడే దెబ్బతిన్నావు. ఓ మోస్తరు వ్యాయామానికి డాక్టర్లు చెప్పే గుర్తేంటో తెలుసా? మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. నువ్వు హాయిగా పాడుతున్నావంటే నడక నెమ్మదిగా ఉన్నట్టే.

గాత్రం పిన్ని:
అది సాధన కూడా కాదు. ఆయాసపడుతూ పాడితే షడ్జం (స) మీద ఊపిరి నిలవదు. తాళం వరకైతే ఒప్పుకుంటాను. నోరు మూసుకుని అడుగుల మీద లెక్క వేసుకుంటే లయ కుదురుతుంది, తప్పులేదు.

వంటింటి తాళం:
ఇంతమంది పొద్దుటి గంట గురించి కొట్టుకుంటున్నారు, ఆ ఇంట్లో టిఫిన్ ఎవరు చేస్తున్నారని ఒక్కరైనా అడిగారా? ఆరింటికి జిమ్, ఏడింటికి సాధన, ఎనిమిదింటికి డబ్బాలు. ఒకటి మానెయ్యమన్నవాళ్లు దోసెల పెనం దగ్గర నిలబడతామని అన్నారా అక్కా? నాకైతే అసలు ప్రశ్నే అది.

మధ్యమ శ్రుతి:
నేను పాడతాను, బరువులూ ఎత్తుతాను. ఇక్కడ అందరూ టైమ్ గురించే మాట్లాడుతున్నారు కానీ, ఈవిడ చెప్పిన లక్షణం చూస్తే నాకు వేరే అనుమానం వస్తోంది. బరువు లేపేటప్పుడు ఊపిరి బిగబడతాం. అప్పుడు స్వరతంత్రులు గట్టిగా మూసుకుని, లోపలి గాలి ఒత్తిడిని ఆపుతాయి. ఆ బిగింపు మీద "హుఁ" అని మూలిగితే ఒత్తిడంతా ఆ తంత్రుల మీదే. దానికి తోడు జిమ్‌లో పాటల హోరు, దాని మీదుగా అరిచి మాట్లాడటం, ఏసీ గాలి. వచ్చీ రాగానే మంద్రం పలకమంటే ఎలా పలుకుతుంది?

అక్కా, మీ ట్రైనర్‌తో మాట్లాడి బరువు కాస్త తగ్గించి, లేపేటప్పుడు నోటితో ఊపిరి మెల్లిగా వదలడం నేర్చుకోండి. లెక్క మనసులోనే. వచ్చాక నీళ్లు తాగి, స్నానం చేసి, ఓ గంట ఆగి కూర్చోండి. లేదా సాధన ముందు, జిమ్ తర్వాత. రెండు మూడు వారాలు ఇలా చేసినా గాలే వస్తుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. అన్నీ జిమ్ మీదకి నెట్టెయ్యకూడదు, ఎసిడిటీ ఉన్నా గొంతు పొద్దున బొంగురు పోతుంది.

గాత్రం పిన్ని:
సాధన ముందు అన్నావు చూడు, అది బాగుంది. మిగతాది నాకు కొత్త విషయం.

బార్‌బెల్ బావ:
ఒక మాట పిన్నిగారూ. క్లాసులో గంటసేపు నేల మీద బాసింపట్టు వేసుకుని నడుం నిటారుగా పెట్టి కూర్చోవాలంటే వీపుకీ తుంటికీ బలం ఉండాలి. వారానికి రెండు రోజుల స్క్వాట్లు ఆ సంగీతానికీ పనికొస్తాయి. అసలు ఆరు రోజుల బ్యాచ్ ఎందుకు? బరువులు రెండు రోజులు చాలు, మిగతా రోజుల్లో గబగబా అరగంట నడక. మెట్రో దిగి పరుగెడుతున్నారు కదా, అదీ లెక్కలోకే వస్తుంది.

చిక్కడపల్లి సరళి:
అందరికీ థాంక్స్ అండీ. మూలగడం నిజమే. మా బ్యాచ్‌లో అందరూ గట్టిగా లెక్కపెడుతూ లేపుతాం, అదో ఉత్సాహం. ట్రైనర్‌ని అడిగి మంగళ, శుక్రవారాలకి మారతాను. ఆ రెండు రోజులు సాధన రాత్రికి, మిగతా రోజులు పొద్దున్నే. పక్క ఫ్లాట్ వాళ్లు రాత్రి పాటకి ఏమంటారో చూడాలి.

వంటింటి తాళం గారూ, మీ ప్రశ్న మావారికి చదివి వినిపించాను. ఉప్మా వరకు ఒప్పుకున్నారు.

వంటింటి తాళం:
ఉప్మాతో సరిపెట్టుకోకండి. పరీక్షలయ్యేదాకా డబ్బాలు కూడా రాయించుకోండి.

గాత్రం పిన్ని:
రాత్రి సాధన నాకు మాత్రం నచ్చలేదు. ఆఫీసులో రోజంతా మాట్లాడిన గొంతది. మంగళ, శుక్రవారాలు మానేసినా పర్వాలేదు కానీ, అలసిన గొంతుతో తారస్థాయి, అంటే పై స్థాయి స్వరాలు, ముట్టుకోకు తల్లీ.